తిండి మాని బయల్దేరినవి

జూన్ 2

మామయ్యగారికి,

నమస్కారాలు. క్షేమంగా చేరాను. మీరు చెప్పినట్టే బస్సులో చక్రం మీద సీటు కాకుండా చూసుకుని కూర్చున్నాను, అయినా నడుము పట్టేసింది. హాస్టల్ గది అగ్గిపెట్టెంత. రెండు మంచాలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. రెండో మంచం టీకాలమ్మాయిది. హేచరీలో అప్పుడే పుట్టిన కోడిపిల్లల మెడకి టీకా వేసే ఉద్యోగం. పాపం, నిద్రలో కూడా బొటనవేలు నొక్కుతూనే ఉంటుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటారేమో. మన ఇంట్లో ఫోన్ ఉండేది ముందుగదిలో కళ్ళద్దాల కొట్లో, మీ అబ్బాయి మోచేతి పక్కన. అక్కణ్ణుంచి మాట్లాడితే మీ నోట "ఆఁ, బాగున్నాం, పెట్టేస్తున్నా" తప్ప ఇంకో మాట రాదు. నాకు నిజం కావాలి. కండక్టరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డిపోకి రిపోర్టులు రాసిన చెయ్యి మీది, ఇదీ అలాగే రాసెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. వెనక వరండాలో టబ్బుల్లో ఉన్నవి మామూలు పురుగులు కావు, సోల్జర్ ఈగ పిల్లలు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఏది వేసినా తింటాయి. ఒకేసారి కుమ్మరించకండి, తినలేకపోతే కంపు కొడుతుంది. తడి ఎక్కువైతే కాస్త తవుడు చల్లండి. తడిగోడ దొరికిందంటే పాకి బయటికొచ్చేస్తాయి, తర్వాత మీ దుప్పట్లో దొరికినా నన్ననకండి. బాగా బలిసినవి నల్లబడతాయి. నల్లబడ్డాక తిండి మానేసి, టబ్బులో నేను పెట్టిన ఏటవాలు పలక ఎక్కి, వాటంతట అవే చివరనున్న డబ్బాలో పడతాయి. పొద్దున్నే ఆ డబ్బా కోళ్ళ ముందు బోర్లించడమే మీ పని. ఒక గుప్పెడు మాత్రం రంపప్పొట్టులో దాచండి. అవి ఈగలై మళ్ళీ గుడ్లు పెడితేనే వంశం నిలుస్తుంది.

నేను బయల్దేరేముందు మీ అబ్బాయి అన్న మాట మీరూ విన్నారు. "ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ పురుగులైనా ఉండాలి" అన్నారు. చివరికి ఏమైంది, ఆయనా ఉన్నారు, పురుగులూ ఉన్నాయి, బయటికొచ్చింది నేను.

ఈ హేచరీ శిక్షణ మూడు నెలలు. అయ్యాక నేను తిరిగి రావాలంటే నా కోళ్ళుండాలి, వాటి మేత ఉండాలి, బేకరీ ఆయన గుడ్ల కోసం మన గుమ్మంలోకి రావాలి. అవేవీ లేని ఇంట్లో నాకు పనేమిటో నాకే తెలియడం లేదు. కళ్ళద్దాలు తుడుస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. మీ చేతుల్లో పెట్టి వచ్చాను, చూసుకోండి.

మీ కోడలు

*

జూన్ 11

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. నేను క్షేమం. కోళ్ళు అర్ధక్షేమం. మీ ఆయన సంగతి మీ ఆయనకే తెలియాలి.

నీ కవరు కొట్లోకే వచ్చింది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, మీద నా పేరు చదివాడు, తెచ్చి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. ఏం రాసిందని అడగలేదు. అడగనివాడికి చెప్పడం దేనికని నేనూ చెప్పలేదు. ఈ మధ్య మా ఇద్దరి మధ్యా మాటలు "అన్నం పెట్టనా", "పెట్టు" దాకానే. నువ్వున్నప్పుడు ఇద్దరం నీతో మాట్లాడేవాళ్ళం కాబట్టి మేమిద్దరం మాట్లాడుకోమన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

పురుగుల విషయం. మొదటిరోజు టబ్బు మూత తీసి, వెంటనే వేసేసి, వెళ్ళి స్నానం చేశాను. రెండోరోజు ముక్కు మూసుకుని తొక్కలు విసిరాను. మూడోరోజు, నువ్వు నవ్వకూడదు, చెవి పెట్టి విన్నాను. అవి తింటుంటే చిటపటమని చప్పుడొస్తుందని నువ్వు చెప్పలేదేం? ఇప్పుడు టబ్బుల ముందు స్టూలు వేసుకున్నాను. నా సంగతి నీకు తెలుసుగా, కాలు నిలవదు. జన్మంతా కదిలే బండిలో నిలబడ్డవాణ్ణి తెచ్చి కదలని ఇంట్లో కూర్చోబెట్టారు. పొద్దున్న లేస్తే గేటు దాకా, గేటు నుంచి వరండా దాకా, మళ్ళీ గేటు దాకా. వీధిలో అందరూ ఇంకా "రైట్ రైట్" అనే పిలుస్తారు గానీ ఎక్కడికి రైటో ఎవరూ చెప్పరు. అలాంటివాడికి ఈ టబ్బులు కాలక్షేపమయ్యాయి.

అయితే ఒక చిక్కొచ్చింది. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, తిట్టకు.

ఆ నల్లబడ్డవాటిని నేను కోళ్ళకి వెయ్యలేకపోతున్నాను.

తెల్లవాటిని వేస్తే ఏమీ అనిపించదు. అవి తిండిలో మునిగి ఉంటాయి, తినేవాణ్ణి ఇంకొకడు తింటాడు, లోకరీతి. నల్లవి అలా కాదు. నోటి దగ్గరున్న తిండి వదిలేసి, తోటివాళ్ళ నెత్తిమీద నుంచి నడిచి, ఆ పలక పట్టుకుని ఎక్కుతాయి. సగం ఎక్కి జారతాయి. మళ్ళీ మొదలు. ఒకటైతే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా జారుతూనే ఉంది, నేను భోజనానికి కూడా లేవలేదు. అంత కష్టపడి పైకి చేరినదాన్ని "దిగు, ఇదే నీ స్టాపు" అని కోడి నోట్లో ఎలా పెట్టను? నా ఉద్యోగంలో టికెట్ తీసుకున్నవాణ్ణి మధ్యదారిలో దింపింది లేదు. అందుకని డబ్బాలో పడినవాటన్నిటినీ రంపప్పొట్టు పోసిన పెట్టెలో వేసి నా మంచం కింద పెట్టాను. కోళ్ళకి తవుడు కలిపి పెడుతున్నాను. తింటున్నాయి గానీ, తల పక్కకి వంచి నన్నదో రకంగా చూస్తున్నాయి.

గుడ్లు కొంచెం తగ్గాయి. సర్దుకుంటాయిలే.

నువ్వు వేళకి తిను. ఆ టీకాల పిల్లని అడిగానని చెప్పు.

మీ మామయ్య

*

జూన్ 18

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. టీకాలమ్మాయికి చదివి వినిపిస్తే అదీ నవ్వింది. తర్వాత రెండోసారి చదివాను, ఈసారి నవ్వు రాలేదు.

మామయ్యగారూ, పురుగు కోడి కోసం. కోడి గుడ్డు కోసం. గుడ్డు బేకరీ ఆయన కోసం. మీరు మధ్యలో దూరి పురుగుకి టికెట్ కొట్టారు. గుప్పెడు దాచమంటే మొత్తం దాచేశారు. అవన్నీ ఒక్కసారి ఈగలైతే ఏమవుతుందో ఆలోచించారా? పైగా మంచం కింద. ఆ ఈగలు కుట్టవు, అన్నం మీద వాలవు, నోరే లేనట్టు బతికి వారంలో పోతాయి, అదంతా నిజమే. కానీ వాటికి వెలుతురంటే పిచ్చి. మన ఇంట్లో వెలుతురు ఎక్కడుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. దయచేసి ఆ పెట్టెని ఈ ఉత్తరం అందగానే పెరట్లో దోమతెర కిందికి మార్చండి.

ఉత్త తవుడుతో కోళ్ళు గుడ్లు పెట్టవు. తగ్గాయంటున్నారు, ఇంకో వారానికి మానేస్తాయి. అప్పుడు బేకరీ ఆయన ఇంకొకర్ని చూసుకుంటాడు, ఆయన తప్పేముంది.

ఒకమాట అడుగుతాను. ఇది నిజంగా మీకు వచ్చిన ఆలోచనేనా? లేక మీ అబ్బాయి నేర్పారా? గుడ్లు ఆగిపోతే ఎవరికి లాభమో చూస్తే నాకు అలాగే అనిపిస్తోంది. "చూశావా, అంత కంపూ భరించాం, చివరికి ఏం మిగిలింది" అనడానికి ఆయనకి వీలుగా ఉంటుంది. మీరు మెత్తనివారు, ఎవరేం చెప్పినా తల ఊపుతారు. తప్పుగా అడిగితే క్షమించండి, నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు. ఒళ్ళు ఇక్కడ, మనసు ఆ వరండాలో. పని చేస్తూ చేస్తూ తలెత్తి, ఎక్కడున్నానా అనుకుంటాను.

పని మాత్రం బాగుంది. ఇప్పుడు నన్ను చీకటి గదిలో వేశారు. గుడ్డుని దీపం ముందు పెట్టి, లోపల నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఇటు; కనిపించకపోతే అటు. నా చెయ్యి వేగంగా ఆడుతోందని పెద్ద మేడం నిన్న నా వెనకే నిలబడి చూసింది. శిక్షణ అయ్యాక ఇక్కడే ఉండిపోతావా అని అడిగింది. లేదండీ, ఇంటి దగ్గర నా కోళ్ళున్నాయి అన్నాను. ఆవిడ నవ్వి, ఇక్కడున్నవి కోళ్ళు కావా అంది. ఆలోచించుకుని చెప్పమంది. ఆలోచించేదేమీ లేదని అప్పటికప్పుడే చెప్పేశాను.

ఈ ఉత్తరం మీ అబ్బాయికి చూపించకండి. అంతకుముందుది కూడా. మీకూ నాకూ మధ్య ఉండనివ్వండి.

మీ కోడలు

*

జూన్ 27

శ్రీమతి కోడలుగారికి,

నేను మెత్తనివాణ్ణి అని రాశారు. ఎవరేం చెప్పినా తల ఊపుతానని రాశారు. కిక్కిరిసిన బండిలో నా మాటంటే మాటగా ఉండేది, అది మీరు చూడలేదు, మీ తప్పు కాదు. నా ఆలోచన నాదే. నా కొడుకు నాకు పురుగు పాఠాలు నేర్పలేదు. వాడు నాకు అన్నం వేళ తప్ప ఎదురే పడడు. ఇంత వయసొచ్చాక నన్ను ఎవరో కీ ఇస్తే ఆడే బొమ్మ అనుకుంటే నాకు కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది. ఉత్తరం చదివాక ఆ పూట టబ్బుల దగ్గరికి కూడా వెళ్ళలేదు.

వెళ్ళనందుకు ఫలితం అనుభవించాను. మీరు మార్చమన్న పెట్టె మార్చలేదు. కోపంలో ఉన్నాను, మార్చబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి గది నిండా ఈగలు. నల్లగా, సన్నగా, పెద్దమనుషుల్లా మెల్లగా తిరుగుతున్నాయి. తలుపు తీశాను. మీరు రాసినట్టే తిన్నగా వెలుతురు వైపు, అంటే కొట్లోకి వెళ్ళాయి. అద్దాల బీరువా నిండా ఈగలు. ఫ్రేముల మీద ఈగలు. అప్పుడే బ్యాంకు క్యాషియర్ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని గోడమీది బోర్డు చదువుతున్నాడట. "చివరి వరుసలో అక్షరం నడుస్తోందండీ" అన్నాడట. కళ్ళజోడు బల్ల మీద పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. రాడు.

అప్పుడు వాడు వెనక్కొచ్చాడు. నా ముందు నిలబడ్డాడు. చాలా రోజులకి నా మొహం చూసి మాట్లాడాడు. "వీధిలో నా కొట్టుకి ఏం పేరొచ్చిందో తెలుసా నాన్నా? పురుగుల కళ్ళద్దాల కొట్టు. దారి చెప్పాలంటే అలా చెబుతున్నారు" అన్నాడు. ఈగలు మంచివిరా, కుట్టవు అన్నాను. "ఆవిడ మాటలు నాకు చెప్పకు. నీకు చెప్పింది, నువ్వు దాచుకో" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. నీ పెళ్ళాం ఇల్లు వదిలి పోయిందంటే పురుగుల వల్ల కాదు, నీ మూతి వల్ల అన్నాను. చిలికి చిలికి గాలివాన అయింది. నేను అనకూడనివి కొన్ని అన్నాను. వాడూ అన్నాడు. అవి ఇక్కడ రాయను.

ఆఖరికి వాడు వరండాలోకి వెళ్ళి టబ్బులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, చేతికి మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా, వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను అడ్డం పడలేదు. ఎక్కడికి తీసుకెళ్ళాడో తెలియదు. ఇంకా తిరిగి రాలేదు. వరండాలో నా స్టూలు ఒక్కటే ఉంది.

కోళ్ళు నాలుగు రోజులుగా గుడ్డు పెట్టలేదు. బేకరీ ఆయన నిన్న ఖాళీ చేతులతో వెళ్ళాడు.

మీరు నిజం అడిగారు. ఇదే నిజం. పోస్టు డబ్బా తీసే వేళయింది, వెళ్ళి వేసి వస్తాను.

ఇట్లు
మీ మామగారు

*

జూలై 2

మామయ్యగారికి,

నమస్కారాలు. నేను మిమ్మల్ని నొప్పించాను. మెత్తనివారని రాసిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది. మీరు నన్ను "గారు" అని పిలిస్తే నేను ఆ ఇంటి మనిషిని కానట్టు అనిపించింది. నిజంగా కానేమో కూడా.

టబ్బులు ఆయన ఎక్కడ పారేశారో నేను అడగను. పారేశారు, అంతే. అన్న మాట నిలబెట్టుకున్నారు. మీ ఉత్తరం భోజనాల గదిలో చదివాను. చదివి లేచి, చెయ్యి కడుక్కుని, తిన్నగా పెద్ద మేడం గదికి వెళ్ళాను. ఉంటానని చెప్పాను. ఆవిడ కాగితం ఇచ్చింది, సంతకం పెట్టాను. ఇప్పుడు నేను ఇక్కడ శిక్షణలో లేను, ఉద్యోగంలో ఉన్నాను.

సంతకం పెట్టి వచ్చాక బాగా ఏడ్చాను. టీకాలమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. ఏడుపు పురుగుల కోసం కాదు, అది మీకు తెలుసు. ఆ టబ్బులు పెట్టిన రోజు నుంచి ఆయన నన్ను ఒక్కసారైనా "ఇదేమిటి, ఎలా పెరుగుతాయి" అని అడుగుతారని చూశాను. అడగలేదు. ఇక్కడికి వచ్చి నెలయింది, ఎలా ఉన్నావని ఒక్క ముక్క రాయలేదు. రాయనివాళ్ళకి నేను మాత్రం ఏమని రాయను? అందుకే మీకు రాస్తూ వచ్చాను. మీకు రాస్తే ఆ ఇంటికి రాసినట్టే అనుకున్నాను.

కోళ్ళని బేకరీ ఆయనకి ఇచ్చెయ్యండి. పెరడు ఉంది, బాగా చూసుకుంటాడు. మీకు వాటితో తంటాలు వద్దు.

ఇక్కడ వేరే గది ఇస్తారట. నా బట్టలు, కుట్టుమిషన్ వీలున్నప్పుడు పంపితే చాలు. తొందర లేదు.

మీరు ఆరోగ్యం జాగ్రత్త. గేటు దాకా, వరండా దాకా అంటూ ఎండలో తిరగకండి. నా మీద కోపం పోయాక నాలుగు ముక్కలు రాయండి.

మీ కోడలు

*

జూలై 8

అమ్మాయీ,

కోపం ఆ రోజే పోయింది, డబ్బాలో ఉత్తరం పడిన చప్పుడు వినగానే. చెయ్యి పెట్టి వెనక్కి తీద్దామని చూశాను, వేళ్ళు పట్టలేదు. అటుగా పోయేవాళ్ళు రైట్ రైట్‌కి మతి పోయిందనుకుని ఉంటారు. మర్నాడే ఇంకో ఉత్తరం రాయాల్సింది. ఏమని రాయాలో తోచక నాన్చాను. ఈలోగా నువ్వు సంతకం పెట్టేశావు.

ఆ రోజు జరిగింది ముందు చెబుతాను. వాడు టబ్బులు తీసుకెళ్ళి కూరగాయల మార్కెట్ వెనక చెత్తకుప్పలో పోశాడు. దాచేదేమీ లేదు, పోశాడు. తెల్లారి నేను వెళ్ళేసరికి కాకులూ మైనాలూ చాలామటుకు ఖాళీ చేసేశాయి. అడుగున, కుళ్ళిన ఆకుల కింద మిగిలినవి ఏరుకుని ఒక టబ్బుకి సరిపడా తెచ్చాను. నేను గేటు తీసి టబ్బుతో లోపలికి వస్తుంటే వాడు చూశాడు. మధ్యాహ్నం వాన పడింది. వాన తగ్గి నేను వెళ్ళి చూస్తే టబ్బు చూరు కిందికి జరిగి ఉంది, అడుగున నాలుగు ఇటుకలున్నాయి. నేను పెట్టలేదు. కోళ్ళు ఇటుకలు పెట్టవు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే నా పేరు చదివి నా ఒళ్ళో పడేసి వెళ్ళబోయాడు. నేను నిలబడే చదివాను. చదివి, వాణ్ణి పిలిచి చేతిలో పెట్టాను. నువ్వు చూపించొద్దన్నావు, నేను చూపించాను. వాడు చదివి, "మిగతావి ఏవి?" అన్నాడు. తలగడ కింద నుంచి తీసిచ్చాను. కొట్టు షట్టర్ సగం దించి, లోపల కూర్చుని అన్నీ చదివాడు. ఒకాయన కళ్ళజోడు స్క్రూ ఊడిందని వస్తే రేపు రమ్మన్నాడు. వాడు కొట్టుకి వచ్చినవాళ్ళని పంపెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం బయటికొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక్కదాంట్లో కూడా నేనెలా ఉన్నానని అడగలేదు నాన్నా" అన్నాడు. నువ్వెలా ఉన్నావో నువ్వు రాయాల్సిందిరా అన్నాను. "నాకు వస్తే కదా నేను జవాబు రాసేది. వచ్చిన ప్రతి కవరూ నాకే అనుకుని తీసుకున్నాను. ప్రతిదాని మీదా నీ పేరే. ఇంట్లో నాతో పనున్నవాళ్ళు ఎవరూ లేరనిపించింది" అన్నాడు. ఆ మాట అని తల దించుకున్నాడు. అమ్మాయీ, వాడి కోపం పురుగుల మీద కాదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నాడు. నువ్వు వాడు రాస్తాడని చూశావు, వాడు నువ్వు రాస్తావని చూశాడు. మధ్యలో నేనొకణ్ణి, ఉత్తరాలన్నీ నాకే వస్తున్నాయని లోలోపల సంబరపడుతూ కూర్చున్నాను. వాడి మొహం నాకు కనిపించక కాదు. అడిగితే చెబుదామనుకున్నాను, అడగకపోతే నాకే మంచిదనుకున్నాను.

కోళ్ళని ఎవరికీ ఇవ్వను. మొన్న పొద్దున డబ్బాలో కొన్ని నల్లవి పడ్డాయి. కొన్నిటిని తీసి పొట్టులో వేసి, మిగతావి కోళ్ళ ముందు పోశాను. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. కోళ్ళు మాత్రం ఏమీ ఆలోచించలేదు. పోసి లోపలికొచ్చి కాసేపు మంచం మీద పడుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే, అన్నిటినీ బతికిద్దామని చూస్తే ఇంట్లో ఏదీ బతకదు. ఇవాళ ఒక గుడ్డు దొరికింది. కొంచెం చిన్నది. బేకరీ ఆయనకి చూపిస్తే, సరే చూద్దాం అన్నాడు.

ఇక నీ ఉద్యోగం. దాన్ని వదలకు. తిండి మాని బయల్దేరినవాటిని ఆపకూడదని నీకు పెద్ద కబుర్లు రాసినవాణ్ణి, నిన్నెలా ఆపాలా అని ఈ నాలుగు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. గేటు దాకా, వరండా దాకా. "వచ్చెయ్యమ్మా" అని రాశాను, కొట్టేశాను. మళ్ళీ రాశాను. కాగితం చిరిగింది. ఇది మూడో కాగితం. నువ్వు వచ్చెయ్యాలనే నా కోరిక, ఆ మాట దాచి ప్రయోజనం లేదు. నువ్వు లేని ఇల్లు బోసిగా ఉంది. ఎవరూ వెక్కిరించకపోతే నాకు అన్నం సయించడం లేదు. కానీ దీపం ముందు గుడ్డు పెట్టి నువ్వు చూసే చూపు గురించి రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పని నీది. దాన్ని వదిలి వచ్చి నువ్వు ఇక్కడ సంతోషంగా ఉంటావని అనుకునేంత వెర్రివాణ్ణి కాను.

అందుకని ఒక పని చేశాను. కొట్టు తాళం నా దగ్గర పెట్టుకున్నాను. స్క్రూలు బిగించడం నాకు వచ్చు, మిగతావాళ్ళని రేపు రమ్మంటాను. మీ ఆయన్ని పొద్దున్నే బస్టాండుకి తీసుకొచ్చాను, ఈ ఆఖరి ముక్కలు ఇక్కడే నిలబడి రాస్తున్నాను. కండక్టర్ నాకు తెలిసిన కుర్రాడే, మంచి సీటు చూసి కూర్చోబెట్టాడు. ఇందాక బస్సు కిటికీలోంచి, "ఏమనాలి నాన్నా?" అన్నాడు. ముందు ఎలా ఉన్నావని అడుగు, తర్వాతిది తర్వాత అన్నాను. వాడు అక్కడే ఉంటాడో, నువ్వు వస్తావో, వారానికో బస్సు ఎక్కుతారో, అది మీరిద్దరూ తేల్చుకోవాల్సిన సంగతి. నేను తలదూర్చను. నాకు తీరిక కూడా లేదు, కోళ్ళున్నాయి, కొట్టుంది.

ఈ కవరు మీద స్టాంపు లేదని చూశావో లేదో. తెచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు, నువ్వు చదవడం అయ్యేదాకా నోరు తెరవడు. కాగితం పక్కన పెట్టి వాణ్ణి లోపలికి రమ్మను. చాలా దూరం నుంచి వచ్చాడు, ముందు మంచినీళ్ళు ఇవ్వు.

మీ మామయ్య